తెర మీది ఆ మాట ఎవరిది? కంప్యూటర్ బూట్ కానప్పుడు మొదట తేల్చుకోవలసిన సంగతి

"కంప్యూటర్ ఆన్ కావడం లేదు" అన్న ఒక్క ఫిర్యాదు వెనుక అరడజను వేర్వేరు జబ్బులు ఉండవచ్చు. మీట నొక్కినా ఫ్యాన్ తిరగకపోవడం ఒకటి. ఫ్యాన్ తిరిగినా తెర నల్లగానే ఉండిపోవడం మరొకటి. తయారీ సంస్థ లోగో దగ్గరే ఆగిపోవడం, నల్ల తెర మీద ఒకే ఒక్క ఇంగ్లిష్ వాక్యం వచ్చి నిలబడిపోవడం, విండోస్ చుక్కలు గుండ్రంగా తిరిగి తిరిగి చివరికి నీలి తెర పడడం, లాగిన్ దాకా వచ్చి మళ్లీ మొదటికి పోవడం, ఇవన్నీ వేటికవే వేరు. అయితే కొత్తవారు వీటన్నిటికీ వేసే మందు ఒకటే: డిస్కును ఫార్మాట్ కొట్టి ఓఎస్ (విండోస్, లైనక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్) మళ్లీ ఎక్కించడం. చాలాసార్లు ఆ మందు పనిచేయదు. పనిచేసిన సందర్భాల్లోనూ పది నిమిషాల్లో సర్దుకునే చిన్న లోపం కోసం ఏళ్ల తరబడి దాచుకున్న ఫోటోలూ ఫైళ్లూ పోగొట్టుకున్నవాళ్లు ఎందరో.

మీట నొక్కగానే ముందు మేలుకునేది మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాము. పాత అలవాటు కొద్దీ దాన్ని ఇప్పటికీ అందరం బయాస్ అనే అంటాం. అది ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, డిస్కులను ఒక్కొక్కటిగా సరిచూసుకుని, బూట్ చేయదగినది ఎక్కడ ఉందో వెతికి, అక్కడున్న బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రామును ర్యామ్‌లోకి తెచ్చి దానికి పగ్గాలు అప్పగిస్తుంది. బూట్‌లోడర్ ఓఎస్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను లేపుతుంది. కెర్నల్ యంత్ర భాగాలను నడిపే డ్రైవర్లను ఎక్కించుకుని, డిస్కులో సిస్టమ్ ఉన్న భాగాన్ని, అంటే పార్టిషన్‌ను తెరిచి, సర్వీసులను ఒకదాని తర్వాత ఒకటిగా మొదలుపెట్టి, మనకు లాగిన్ తెర చూపిస్తుంది. ఏ క్షణంలో చూసినా పగ్గాలు ఒకరి చేతిలోనే ఉంటాయి, తెర మీద మాట్లాడేదీ వారే. కాబట్టి ఎర్రర్ ఏమంటోందన్న ప్రశ్న కంటే ముందు, ఆ మాట అంటున్నది ఎవరన్న ప్రశ్న వేసుకోవాలి. ఫర్మ్‌వేర్ మాట్లాడుతున్నప్పుడు విండోస్‌ను తిట్టుకుని లాభం లేదు, దాని వంతు ఇంకా రాలేదు. కెర్నల్ మాట్లాడుతోందంటే అంతకు ముందరి రెండు దశలూ తమ పని ముగించినట్టే.

ఎవరూ మాట్లాడనప్పుడు

తెర మీద ఒక్క అక్షరమూ రాకపోతే అది ఓఎస్ సమస్య కాదు. కరెంటు, ర్యామ్, మానిటర్ కేబుల్, గ్రాఫిక్స్ కార్డు, ఈ వరుసలో చూసుకోవాలి. డెస్క్‌టాప్ మదర్‌బోర్డుల్లో చాలావాటి మీద నాలుగు చిన్న దీపాలుంటాయి. వాటి పక్కన సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని రాసి ఉంటుంది, ఏది వెలిగి ఆరకుండా నిలిచిపోయిందో తకరారు అక్కడ. ఇంకో చిన్న హెచ్చరిక: డీడీఆర్5 ర్యామ్ ఉన్న కొత్త యంత్రాన్ని మొదటిసారి ఆన్ చేసినప్పుడు, ఫర్మ్‌వేర్ ఆ ర్యామ్‌కు తగ్గట్టు తనను సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. చెడిపోయిందనుకుని మధ్యలో కరెంటు తీసేస్తే ఆ తతంగం మళ్లీ మొదటి నుంచి నడవాలి.

ఫర్మ్‌వేర్ మాట్లాడినప్పుడు

"నో బూటబుల్ డివైస్", "ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్", "రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్" వంటి మాటలు కనిపిస్తే మాట్లాడుతున్నది ఫర్మ్‌వేర్ అని గుర్తించాలి. బూట్ చేయడానికి తనకు ఏమీ దొరకలేదని అది చెబుతోంది. ఇక్కడ చేయవలసిన మొదటి పని బయాస్ సెట్టింగుల్లోకి వెళ్లి, డిస్కు పేరు అక్కడ ఉందో లేదో చూడడం. పేరే లేకపోతే కేబుల్ వదులైంది, లేదా ఎస్‌ఎస్‌డీ స్లాటులో సరిగా కూర్చోలేదు, లేదా డిస్కు ప్రాణం పోయింది. పేరు ఉంటే మాత్రం ఊపిరి పీల్చుకోవచ్చు. అప్పుడు పోయింది బూట్ వరుస గానీ, బూట్‌లోడర్ గానీ అయి ఉంటుంది. చాలాసార్లు అసలు కారణం యూఎస్‌బీకి మరచిపోయి వదిలేసిన పెన్‌డ్రైవ్ మాత్రమే.

కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతోందంటే మదర్‌బోర్డు మీది నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయిందని అర్థం. తేదీ తప్పడం పెద్ద విషయం కాదు గానీ, కొన్ని బోర్డుల్లో దానితోపాటు బయాస్ సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి స్థితికి వెళ్లిపోతాయి. వాటిలో స్టోరేజ్ మోడ్, అంటే డిస్కుతో మాట్లాడే పద్ధతి కూడా ఉంటుంది. ఏహెచ్‌సీఐ, రెయిడ్ అలాంటి రెండు మోడ్‌లు. ఏహెచ్‌సీఐ మోడ్‌లో ఎక్కించిన విండోస్, డిస్కు అకస్మాత్తుగా రెయిడ్ మోడ్‌లో కనిపించేసరికి తన సొంత పార్టిషన్‌ను తానే తెరవలేక "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అన్న నీలి తెర వేస్తుంది. ఇక్కడ మాట్లాడేది విండోస్ కెర్నల్, తప్పు మాత్రం ఫర్మ్‌వేర్ సెట్టింగుది. మందు కూడా అక్కడే ఉంది: మోడ్‌ను పాత స్థితికి మార్చితే, ఏ ఫైలూ ముట్టుకోకుండానే విండోస్ లేచి కూర్చుంటుంది.

రెండు పద్ధతుల మధ్య చిక్కుముడి

కొత్తవారిని అందరికంటే ఎక్కువగా ఏడిపించేది బయాస్, యూఈఎఫ్‌ఐ అనే రెండు పద్ధతులు ఒకే యంత్రంలో పక్కపక్కన ఉండడం. కాబట్టి ఇక్కడ కాస్త నిదానించాలి.

మొదటిదైన అసలు బయాస్ 1981 నాటి ఐబీఎం పీసీతో వచ్చిన పద్ధతి. డిస్కులోని మొట్టమొదటి సెక్టారును, అంటే 512 బైట్లను ఫర్మ్‌వేర్ కళ్లు మూసుకుని చదివి నడిపిస్తుంది. దాన్నే ఎంబీఆర్ అంటారు. అందులో బూట్ కోడ్‌కు దక్కేది 446 బైట్లు, నాలుగు పార్టిషన్ల చిట్టాకు 64 బైట్లు, చివర ముద్రగా 2 బైట్లు. సెక్టార్ల సంఖ్యను 32 బిట్లలోనే రాసుకోవాలి కాబట్టి మామూలు డిస్కుల్లో 2 టెరాబైట్లు దాటిన భాగం దానికి అందదు. రెండో పద్ధతి అయిన యూఈఎఫ్‌ఐకి ఫైళ్లు చదవడం వచ్చు. అది డిస్కులో ఎఫ్‌ఏటీ32లో ఫార్మాట్ చేసిన ఒక చిన్న పార్టిషన్‌ను వెతుకుతుంది. ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ అనే ఆ చోట ఉన్న బూట్‌లోడర్ ఫైలును పేరు పెట్టి పిలుస్తుంది. ఏ ఓఎస్‌కు ఏ ఫైలో మదర్‌బోర్డు తన సొంత జ్ఞాపకంలో రాసి పెట్టుకుంటుంది. దీనికి జోడీగా వచ్చిన పార్టిషన్ చిట్టా జీపీటీ. అందులో మామూలుగా 128 పార్టిషన్లకు చోటుంటుంది.

ఇప్పుడు చిక్కు ఎక్కడ వస్తుందో చూడండి. ఒకే పెన్‌డ్రైవ్‌ను రెండు పద్ధతుల్లోనూ బూట్ చేసేలా తయారు చేయవచ్చు. అలాంటి పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ మెనూ తెరిస్తే దాని పేరు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకటి ఉత్త పేరు, రెండోది ముందు యూఈఎఫ్‌ఐ అని తగిలించిన పేరు. కొత్తవారు పైన ఉన్నదేదో అదే నొక్కుతారు. ఇన్‌స్టాలర్ రెండు దారుల్లోనూ ఒకే ముఖంతో తెరుచుకుంటుంది. భాష ఎంచుకుని, షరతులు ఒప్పుకుని, డిస్కు చూపించే దాకా ఏ తేడా తెలియదు. అక్కడికి వెళ్లాక మాత్రం ఈ డిస్కు జీపీటీ పద్ధతిలో ఉంది కాబట్టి దీని మీద విండోస్ ఎక్కించడం కుదరదని అది మొరాయిస్తుంది. దారి తిరగబడితే ఎంబీఆర్ డిస్కు మీద కుదరదంటుంది. ఈ మాట చదివి పార్టిషన్లన్నీ తుడిచిపెట్టి డిస్కును మార్చమని చెప్పే సలహాలు కోకొల్లలు. నిజానికి డిస్కులో ఏ దోషమూ లేదు. ఇన్‌స్టాలర్‌ను మూసేసి, బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్ రెండో పేరును ఎంచుకుంటే చాలాసార్లు సమస్య అక్కడితో సరి. నా మొదటి ఇన్‌స్టలేషన్‌లో ఈ సంగతి తెలియక రెండు పార్టిషన్ల నిండా ఉన్న పాత ఫైళ్లను నా చేతులతో నేనే చెరిపేశాను.

డిస్కును నిజంగానే ఎంబీఆర్ నుంచి జీపీటీకి మార్చవలసిన అవసరమూ ఒక్కోసారి వస్తుంది. విండోస్ 11 యూఈఎఫ్‌ఐనీ, సెక్యూర్ బూట్‌కు (నమ్మకమైన సంతకం ఉన్న బూట్‌లోడర్‌నే నడవనిచ్చే ఏర్పాటు) వీలునూ, టీపీఎం 2.0నూ (రహస్య కీలను దాచే భద్రతా ఏర్పాటు) అడుగుతుంది కాబట్టి పాత విండోస్ 10 యంత్రాన్ని మార్చుకునేవారికి ఇది తప్పదు. 2017 నుంచి విండోస్‌తోపాటే వస్తున్న ఎంబీఆర్‌టూజీపీటీ అనే పనిముట్టు ఫైళ్లను చెరపకుండానే ఆ మార్పు చేస్తుంది. అయినా బ్యాకప్ లేకుండా దాన్ని ముట్టుకోమని నేను ఎవరికీ చెప్పను.

పెన్‌డ్రైవ్ దగ్గరే తప్పు జరిగితే

ఓఎస్ ఇన్‌స్టలేషన్ డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా చుట్టిన ఐఎస్ఓ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి మామూలుగా కాపీ చేసి పెట్టేస్తే అది బూట్ కాదు. రూఫస్ వంటి ప్రోగ్రాముతో దాన్ని రాయాలి. ఐఎస్ఓ లోపలి ఫైళ్లను విడదీసి ఎఫ్‌ఏటీ32 పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే యూఈఎఫ్‌ఐ యంత్రాల్లో బూట్ అవుతుంది గానీ, అక్కడో గొయ్యి ఉంది. ఎఫ్‌ఏటీ32లో ఒక్క ఫైలు 4 జీబీకి మించకూడదు, విండోస్ ఐఎస్ఓలోని ఇన్‌స్టాల్ ఫైలు చాలాసార్లు ఆ గీత దాటుతుంది. డౌన్‌లోడ్ మధ్యలో తెగి అతికిన ఫైలు కూడా పైకి బాగానే కనిపిస్తుంది. అందుకే ఐఎస్ఓ ఇచ్చిన సంస్థ తన సైటులో ప్రకటించే 64 అక్షరాల షా-256 విలువను (ఫైలుకు వేలిముద్ర లాంటిది) మన ఫైలు విలువతో పోల్చి చూడాలి. రెండు నిమిషాల ఈ పనిని దాటవేసి, ఇన్‌స్టలేషన్ 60 శాతం దగ్గర ఎందుకు ఆగుతోందని రాత్రంతా బుర్ర బద్దలు కొట్టుకునేవారిని చూస్తూనే ఉంటాం.

ఇన్‌స్టాలర్ తెరుచుకున్నా అందులో డిస్కే కనిపించకపోవడం కొత్త ల్యాప్‌టాపుల్లో తరచూ ఎదురయ్యే సమస్య. బయాస్‌లో డిస్కు పేరు కనిపిస్తూ, విండోస్ ఇన్‌స్టాలర్‌లో జాబితా ఖాళీగా ఉంటే డిస్కు పోయిందని బెంగపడనక్కరలేదు. ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన చాలా యంత్రాల్లో వీఎండీ అనే ఏర్పాటు డిస్కుకూ ఓఎస్‌కూ మధ్య కూర్చుంటుంది. దాని డ్రైవర్ ఇన్‌స్టాలర్‌లో లేకపోతే డిస్కు కనిపించదు. ల్యాప్‌టాప్ తయారీదారు సైటు నుంచి ఆ డ్రైవర్‌ను తెచ్చి, విప్పి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, లోడ్ డ్రైవర్ అన్న మీట ద్వారా చూపిస్తే డిస్కు ప్రత్యక్షమవుతుంది. వీఎండీని బయాస్‌లో ఆపేయడం ఇంకో దారి. అయితే అదే డిస్కులో ఇప్పటికే ఒక విండోస్ ఉంటే, పైన చెప్పిన నీలి తెర దానికి పడుతుందని గుర్తుంచుకోవాలి.

ఇన్‌స్టలేషన్ సాఫీగా సాగి, రీస్టార్ట్ అయ్యాక మళ్లీ "భాష ఎంచుకోండి" అన్న మొదటి తెరే వచ్చిందంటే పని చెడలేదు. యంత్రం మళ్లీ పెన్‌డ్రైవ్ నుంచే బూట్ అయింది, అంతే. పెన్‌డ్రైవ్ తీసేసి రీస్టార్ట్ చేస్తే మిగిలిన సగం దానంతట అదే నడుస్తుంది.

బూట్‌లోడర్ గొంతు

విండోస్ పక్కన లైనక్స్ పెట్టుకున్నవారికి "గ్రబ్ రెస్క్యూ" అన్న నల్ల తెర ఎప్పుడో ఒకప్పుడు తారసపడుతుంది. ఇది గ్రబ్ అనే బూట్‌లోడర్ మాట. దాని మొదటి ముక్క మేలుకుంది గానీ మిగతా ముక్కలున్న పార్టిషన్ దానికి దొరకలేదు. విండోస్‌లో కూర్చుని లైనక్స్ పార్టిషన్‌ను చెరిపేసినప్పుడో, పార్టిషన్ల కొలతలు మార్చినప్పుడో ఇలా జరుగుతుంది. రెస్క్యూ అన్న పదం లేకుండా ఉత్త "గ్రబ్" అని మాత్రమే వచ్చి కర్సర్ మిణుకుమంటుంటే పరిస్థితి అంతకంటే మెరుగు: ముక్కలన్నీ దొరికాయి, మెనూ రాసి ఉన్న ఫైలు ఒక్కటే దొరకలేదు. రెండింటికీ లైవ్ యూఎస్‌బీ నుంచి, అంటే డిస్కులో ఎక్కించకుండానే ఓఎస్‌ను నడిపే పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్ తెరిచి గ్రబ్‌ను తిరిగి ఎక్కించడం నమ్మదగిన మార్గం. లైనక్స్ పార్టిషన్‌ను చెరిపేసినవారికి మాత్రం గ్రబ్ అవసరమే లేదు, విండోస్ బూట్‌లోడర్‌ను మళ్లీ ముందుకు తెచ్చుకుంటే చాలు.

యూఈఎఫ్‌ఐ యంత్రాల్లో ఇంకో తమాషా ఉంది. పెద్ద విండోస్ అప్‌డేట్ తర్వాత లైనక్స్ మాయమైందని గుండెలు బాదుకుంటారు. సాధారణంగా జరిగేది బూట్ వరుసలో విండోస్ పేరు పైకి రావడమే. బయాస్‌లో లైనక్స్ పేరును మళ్లీ పైకి జరిపితే చాలు. 2024 ఆగస్టులో మాత్రం వ్యవహారం అంత తేలిక కాలేదు. ఆ నెల విండోస్ అప్‌డేట్ పాత బూట్‌లోడర్లను నిషేధిస్తూ ఫర్మ్‌వేర్ జ్ఞాపకంలో ఒక గుర్తు రాసింది. దాంతో కొన్ని డ్యుయల్ బూట్ (రెండు ఓఎస్‌లున్న) యంత్రాల్లో లైనక్స్ ఎంచుకోగానే "సంథింగ్ హాజ్ గాన్ సీరియస్లీ రాంగ్" అని వచ్చి యంత్రం ఆగిపోయింది. ఆ మాట విండోస్‌దీ కాదు, లైనక్స్ కెర్నల్‌దీ కాదు. సెక్యూర్ బూట్ కోసం గ్రబ్‌కు ముందు నడిచే షిమ్ అనే చిన్న ప్రోగ్రాముది. సంగతి తెలిసినవారు సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, ఆ గుర్తును చెరిపి, షిమ్‌ను కొత్తదానికి మార్చి బయటపడ్డారు. తెలియనివారిలో కొందరు చెక్కుచెదరని లైనక్స్‌ను తుడిచేసి మళ్లీ ఎక్కించుకున్నారు.

విండోస్ బూట్‌లోడర్ చెడినప్పుడు దాని రికవరీ తెరలోని స్టార్టప్ రిపేర్‌ను ముందు నడవనివ్వాలి. అది చేతులెత్తేస్తే, కమాండ్ ప్రాంప్ట్‌లో బీసీడీబూట్ ఆదేశంతో ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో బూట్ ఫైళ్లను కొత్తగా రాయించవచ్చు. బూట్‌రెక్ ఆదేశాలను గుడ్డిగా వరుసపెట్టి కొట్టమనే సలహాలు ఎక్కువగా ఎంబీఆర్ కాలం నాటివి. ఎంబీఆర్ సరిచేసే ఆదేశం జీపీటీ డిస్కు మీద కొట్టి ప్రయోజనం లేదు.

కెర్నల్ దాకా వచ్చి పడిపోతే

నీలి తెర విండోస్ కెర్నల్ మాట. 2025 నుంచి విండోస్ 11లో అది నల్లగా మారింది కాబట్టి ఇక రంగును బట్టి గుర్తుపట్టలేం, కింద రాసి ఉన్న స్టాప్ కోడ్‌నే చదవాలి. ఈ దశలో ఎక్కువగా దోషి ఒక డ్రైవర్. దీనికి పెద్ద ఉదాహరణ 2024 జూలై 19న ప్రపంచమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ ఫైలు వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు దెబ్బతిన్నాయి. వాటిలో ఎన్నో బూట్ అవుతూ పడిపోతూ మళ్లీ బూట్ అవుతూ అదే చక్రంలో తిరిగాయి. వాటిలో డిస్కు బాగుంది, బూట్‌లోడర్ బాగుంది, విండోస్ కూడా బాగుంది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలును చెరిపేస్తే యంత్రం మామూలైపోయింది. సేఫ్ మోడ్ అంటే అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే బూట్ కావడం. వరుసగా రెండు మూడు సార్లు బూట్ విఫలమైతే విండోస్ తానే రికవరీ తెర చూపుతుంది, అక్కడి నుంచి సేఫ్ మోడ్‌కు దారి ఉంటుంది.

అయితే ఆ రోజు చాలామందిని ఆపేసింది ఆ ఫైలు కాదు, డిస్కును కీ లేకుండా చదవలేని గుప్తరూపంలోకి మార్చే (ఎన్‌క్రిప్ట్ చేసే) బిట్‌లాకర్ అనే విండోస్ ఏర్పాటు. డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే రికవరీ తెర 48 అంకెల కీ అడుగుతుంది. చాలా కొత్త ల్యాప్‌టాపుల్లో మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ కాగానే ఈ ఎన్‌క్రిప్షన్ తనంతట తానే మొదలవుతుంది. సొంతదారుకు ఆ సంగతే తెలియదు. సెక్యూర్ బూట్ ఆపినా, టీపీఎం చెరిపినా, బయాస్ అప్‌డేట్ చేసినా అదే కీ అడగవచ్చు. కాబట్టి ఇంతవరకూ చెప్పిన ఏ బయాస్ సెట్టింగునైనా ముట్టుకునే ముందు, ఆ అకౌంటులోకి మరో ఫోన్ నుంచైనా వెళ్లి కీ రాసి పెట్టుకోవాలి. కీ లేకపోతే డిస్కు బాగున్నా ఫైళ్లు రావు.

లైనక్స్ ఈ దశలో మరింత బాహాటంగా మాట్లాడుతుంది. ఇన్‌స్టలేషన్ తర్వాత లోగో వచ్చి తెర నల్లబడిపోతే, ముఖ్యంగా ఎన్‌విడియా కార్డు ఉంటే, గ్రబ్ మెనూలో నోమోడ్‌సెట్ అన్న పదం చేర్చి బూట్ చేసి, లోపలికి వెళ్లాక సరైన డ్రైవర్ ఎక్కించుకోవాలి. "ఏ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్" అంటూ నిమిషం ముప్పై సెకన్ల లెక్క నడిచి, ఆ తర్వాత ఎమర్జెన్సీ మోడ్ వస్తే, ఎఫ్‌స్టాబ్ అనే ఫైలులో రాసి ఉన్న ఏదో డిస్కు కోసం అది ఎదురుచూసి విసిగిపోయిందని అర్థం. తీసేసిన పాత హార్డ్‌డిస్క్ గురించిన లైను అక్కడ ఇంకా ఉండి ఉంటుంది, దాని ముందు హ్యాష్ (#) గుర్తు పెడితే సరి. కొత్త కెర్నల్ వచ్చిన మర్నాడు "కెర్నల్ పానిక్" అని పడితే గ్రబ్ మెనూలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో పాత కెర్నల్ ఇంకా ఉంటుంది, దానితో లోపలికి వెళ్లి బూట్ పార్టిషన్ నిండిపోయిందేమో చూసుకోవాలి.

ఇవేవీ పొసగని కేసులు కొన్ని మిగులుతాయి. ఒకసారి ఒక స్టాప్ కోడ్, మరోసారి మరొకటి. ఇన్‌స్టలేషన్ ఒకసారి 20 శాతం దగ్గర, ఇంకోసారి 75 దగ్గర, మూడోసారి ఫైలు చెడిందని ఆగడం. మాట్లాడే గొంతు ప్రతిసారీ మారుతోందంటే అనుమానించవలసింది వారందరి కిందా ఉన్న నేలను, అంటే ర్యామ్‌ను, డిస్కును, పవర్ సప్లైని. ఎప్పుడూ ఒకే ఫైలు దగ్గర ఆగుతుంటే మొదటి అనుమానం పెన్‌డ్రైవ్ మీదికి పోవాలి, ఎక్కడపడితే అక్కడ ఆగుతుంటే ర్యామ్ మీదికి. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి ఒక్క ఎర్రర్ వచ్చినా, ర్యామ్ కడ్డీలను ఒక్కొక్కటిగా తీసి మళ్లీ నడిపి చూడాలి. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ నివేదికలో రీఎలొకేటెడ్, పెండింగ్ సెక్టార్ల (చెడిన, చెడినట్టు అనుమానమున్న చోట్ల) సంఖ్య రోజురోజుకూ పెరుగుతుంటే ఇక రిపేర్ ఆదేశాలన్నీ ఆపేయాలి. లైవ్ యూఎస్‌బీ నుంచి లైనక్స్ తెరిచి, ముందు ముఖ్యమైన ఫోల్డర్లను, ఆ తర్వాత మిగిలినవాటిని వేరే డిస్కులోకి కాపీ చేసుకోవాలి. డిస్కు ఇంకా చదవనిస్తున్నంతసేపే ఆ అవకాశం ఉంటుంది.